ఒక్క రాత్రికే అని చెప్పి

ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ కాలవ పక్కన 263 నంబరు ఇంటికి నేను ఇప్పటికి నాలుగుసార్లు వెళ్ళాను. రెండో ప్రపంచయుద్ధంలో నాజీలకి దొరక్కుండా అన్నే ఫ్రాంక్ అనే యూదు అమ్మాయి కుటుంబం దాక్కున్న ఇల్లది, ఆ పిల్ల డైరీ రాసుకున్నదీ అక్కడే. ఇండియా నుంచి చుట్టాలెవరొచ్చినా తులిప్ తోటల తర్వాత అక్కడికే తీసుకెళ్తాం. మొదటి మూడుసార్లూ నాతో వచ్చినవాళ్ళు ఆ దాగుడు గదుల దారిని మూసిన పుస్తకాల బీరువా దగ్గర ఆగారు, నిట్టూర్చారు, "పాపం, చిన్నపిల్ల" అన్నారు, కిందికి దిగి కాఫీ తాగారు. నాలుగోసారి తెనాలి నుంచి మా అమ్మ వచ్చింది. నిచ్చెనలాంటి ఆ మెట్లు మోకాళ్ళ నొప్పులతో ఒక్కొక్కటే ఎక్కింది. పైన వాళ్ళు వంట చేసుకున్న గదిలో నిలబడి చుట్టూ ఒకసారి చూసి, "ఎనిమిది మందా? రెండేళ్ళా? మనకైతే పూటకి మానికెడు బియ్యం కావాలి కదరా. వీళ్ళకి ఎవరు తెచ్చిపెట్టారు?" అంది.

నేను ఈ దేశంలో ఏడేళ్ళ నుంచి ఉంటున్నాను. ఆ డైరీ రెండుసార్లు చదివాను. ఆ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

తెచ్చిపెట్టినవాళ్ళు ఉన్నారు. ఆ ఇంట్లోనే ఉన్న అన్నే తండ్రి ఆఫీసులో పనిచేసే మీప్ గీస్ అనే ఆవిడ సైకిలు మీద వెళ్ళి కూరగాయలు, మాంసం తెచ్చేది. బెప్ వోస్కౌల్ అనే అమ్మాయి పాలు, రొట్టె చూసుకునేది. దాక్కున్నవాళ్ళలో ఒకాయనకి మాంసం కొట్టువాడు స్నేహితుడు. అజ్ఞాతంలోకి పోకముందే ఆయన మీప్‌ని వెంటబెట్టుకుని వెళ్ళి, ఆ కొట్టువాడు ఆమె ముఖం గుర్తుపెట్టుకునేలా చేశాడు. రేషన్ కార్డుల సంగతి మీప్ భర్త యాన్ చూశాడు. ఇక పక్క వీధిలో, లేలీగ్రాఖ్ట్‌లో, హెండ్రిక్ వాన్ హూవ అని కూరగాయల కొట్టాయన. ఇంత బక్కమనిషి రోజూ ఇన్నిన్ని కూరలు ఎవరికి పట్టుకెళ్తోందని ఆయన ఎన్నడూ అడగలేదు. బంగాళాదుంపల మూటలు మాత్రం కింద గోడౌన్ పనివాళ్ళు భోజనానికి వెళ్ళే వేళ చూసి తెచ్చి పడేసేవాడు. 1944 ఏప్రిల్‌లో ఒక రాత్రి ఆ ఇంట్లో దొంగలు పడ్డారు. తలుపు పగిలి ఉండటం అటుగా వెళ్తున్న వాన్ హూవ కంట పడింది. పోలీసులకి చెప్పడం మంచిది కాదని ఆయనే అనుకుని ఊరుకున్నాడు. మరుసటి నెలలో ఆయన్నే పట్టుకుపోయారు. తన ఇంట్లో ఇద్దరు యూదుల్ని దాచాడని.

ఇదంతా చెబితే అమ్మ ఏమీ ఆశ్చర్యపోలేదు. "కూరల కొట్టువాడికి తెలియకుండా ఏ ఇంట్లో ఏం జరుగుతుందిరా" అంది.

ఈ విషయం మీద మనవాళ్ళు మాట్లాడే తీరు నాకు కొన్నాళ్ళుగా నచ్చడం లేదు. అది ఎందుకో అమ్మ మాటతో తెలిసింది. యూదుల్ని దాచినవాళ్ళని మనం వెంటనే దేవుళ్ళని చేసేస్తాం. ఫొటోకి దండ వేసినట్టే. దేవుడని అన్నాక ఇక మనకీ వాళ్ళకీ పోలిక లేదు కాబట్టి హాయి. లేదంటే వీకెండ్ పార్టీలో నాలుగో గ్లాసు దగ్గర ఎవరో ఒకరు, "నిజం చెప్పండి, మీరైతే దాచేవాళ్ళా?" అని మొదలుపెడతారు. ఒకడు దాచేవాణ్ణంటాడు, ఇంకొకడు నిజాయితీగా "నా పిల్లలున్నారు బాబూ, నావల్ల కాదు" అంటాడు. ఇద్దరూ ఏదో పరీక్ష రాసినట్టు గంభీరంగా ముఖం పెడతారు. నాకు ఈ ప్రశ్న తప్పుగా అనిపిస్తుంది. నిజంగా దాచినవాళ్ళలో చాలామంది ఆ ప్రశ్న వేసుకోలేదు. వాళ్ళని ఇంకొకరు అడిగారు, అంతే.

మీప్ గీస్ సంగతే చూడండి. 1942లో అన్నే తండ్రి ఆటో ఫ్రాంక్ ఆమెని తన గదిలోకి పిలిచి, మేం దాక్కోబోతున్నాం, మమ్మల్ని చూసుకునే బాధ్యత తీసుకుంటావా అని అడిగాడు. తప్పకుండా అంది. ఆలోచించుకుని చెబుతానని కూడా అనలేదు. ఈ ఆవిడ పుట్టింది వియన్నాలో. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత అక్కడ పిల్లలు తిండిలేక ఎండిపోతుంటే కొందర్ని రైలెక్కించి నెదర్లాండ్స్‌కి పంపారు. మీప్‌కి అప్పుడు 11 ఏళ్ళు. మూడు నెలల కోసమని వచ్చింది. లైడెన్‌లో అప్పటికే పిల్లలున్న ఒక కార్మిక కుటుంబం ఆమెని తీసుకుంది. ఆ మూడు నెలలు పూర్తయ్యాయి, ఇంకో మూడు నెలలన్నారు, చివరికి ఆ పిల్ల అక్కడే ఉండిపోయింది. 2010లో నూరేళ్ళు నిండాక పోయింది. తాను వీరనారిని కాదని బతికినన్నాళ్ళూ చెబుతూనే ఉంది. వినయం కొద్దీ అంటోందని అందరూ అనుకున్నారు. నేనైతే ఆవిడ ఉన్నమాటే చెప్పిందనుకుంటున్నాను.

శామ్యూల్ ఆలినర్ అని అమెరికాలో ఒక సమాజశాస్త్ర ప్రొఫెసర్ ఉండేవాడు. పన్నెండేళ్ళప్పుడు పోలండ్‌లో తన వాళ్ళంతా చచ్చిపోగా, తెలిసిన ఒక రైతు ఆవిడ ఇంటికి వెళ్ళి తలుపు కొట్టి బతికినవాడు. పెద్దయ్యాక ఆయనా, ఆయన భార్య పెర్ల్ కలిసి యూరప్ అంతటా యూదుల్ని కాపాడిన 406 మందితో మాట్లాడారు. వీళ్ళలో మూడింట రెండు వంతుల మంది ఎవరో అడిగితేనే ఆ పనిలోకి దిగారు. తలుపు దగ్గర నిలబడ్డ మనిషి అడగడమో, మధ్యవర్తి వచ్చి అడగడమో జరిగింది. అడగందే అమ్మైనా పెట్టదని మనవాళ్ళు ఊరికే అనలేదు.

అడిగితే ఎందుకు ఒప్పుకున్నారు? దీనికి సరిపోయే మాట తెలుగులో ఉంది, మొహమాటం. మా ఆఫీసులో ఒక డచ్ మిత్రుడికి దాని అర్థం చెప్పడానికి అరగంట పట్టింది, అప్పటికీ సగమే ఎక్కింది. ఎదుటివాడి ముఖం చూసి కాదనలేకపోవడం. మనం దాన్ని జబ్బు కింద జమకడతాం. మొహమాటానికి పోతే కడుపైందని మోటు సామెత కూడా ఉంది. పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసుల్లో 'నో' చెప్పడం నేర్చుకోండని డబ్బులు పుచ్చుకుని మరీ చెబుతారు. కానీ 1943లో యూరప్‌లో వేల ప్రాణాలు నిలబడింది 'నో' చెప్పడం చేతకాని మనుషుల గుమ్మాల్లోనే.

ఇది నా సొంత సిద్ధాంతమేమీ కాదు. న్యూలాండ కథ చదివితే ఎవరికైనా తోచేదే.

న్యూలాండ అనేది ఈశాన్యాన డ్రెంత రాష్ట్రంలో ఒక పల్లెటూరు. పోయిన ఎండాకాలం చూసొచ్చాను. చూడ్డానికేమీ లేదు. గీత గీసినట్టు ఒక కాలవ, దాని వెంట రోడ్డు, రోడ్డు పొడుగునా దూరదూరంగా ఇళ్ళు, వెనక బల్లపరుపు పొలాలు. పిల్లి కూడా దాక్కోలేని నేల. అలాంటి చోట యుద్ధకాలంలో వందల మంది యూదులకి ఆశ్రయం దొరికింది. ఊరంతటికీ కలిపి గౌరవం ఇవ్వడం యాద్ వాషెమ్ (ఇజ్రాయెల్‌లో ఆ మారణకాండ స్మారక సంస్థ) వాళ్ళకి మామూలుగా అలవాటు లేదు. ఫ్రాన్స్‌లో ల షాంబోన్ అనే కొండ ఊరికీ దీనికీ మాత్రం అలా ఇచ్చారు.

ఇక్కడ యోహానెస్ పోస్ట్ అని ఒక రైతు ఉండేవాడు. ఎనిమిది మంది పిల్లల తండ్రి, దైవభక్తి మెండు, స్థానిక పాలనలో పదవి కూడా ఉంది. ఆయన యూదుల్ని దాచే పనిలోకి దిగడంలో వింత లేదు. నాకు ఇష్టమైన మనిషి ఆర్నాల్డ్ డౌవెస్. తోటపని చేసే ఆయన, పాస్టరు కొడుకు, ఎవరి మాటా వినే రకం కాదు. ఈయనకి జోడీ మాక్స్ లియోన్స్ అని ఒక యూదు కుర్రాడు. నీకో అని పేరు మార్చుకుని ప్రొటెస్టెంటులా తిరిగేవాడు. ఇద్దరూ సైకిళ్ళేసుకుని ఇంటింటికీ వెళ్ళి అడిగేవాళ్ళు. ఇంట్లో ఒక మనిషికి చోటిస్తారా అని. ఆ అడిగేవాళ్ళలోనే ఒకడు యూదుడని ఆ రైతులకి తెలియదు.

డౌవెస్ ఆ రోజుల్లో రాసుకున్న కాగితాలని జాడీల్లో పెట్టి పాతిపెట్టాడు. అందుకే ఆయన ఎలా అడిగేవాడో మనకు తెలుసు. అబద్ధాలాడేవాడు. ఒక్క రాత్రికేనండీ, రేపు వేరే చోటు చూస్తాం అనేవాడు. మర్నాడు ఆ వీధి ఛాయలకి పోయేవాడు కాదు. వారం అయ్యేది, నెల అయ్యేది. ఈలోగా వచ్చిన మనిషి ఆ ఇంట్లో బంగాళాదుంపలు చెక్కు తీయడం మొదలుపెట్టేది, పిల్లలు మాలిమి అయ్యేవాళ్ళు, ఇక పొమ్మనడం ఎలా? సంక్రాంతికని వచ్చి ఉగాది దాకా ఉండిపోయిన చుట్టం విషయంలో మన ఇళ్ళలో పడే ఇబ్బంది ఏమిటో అదే. తేడా అల్లా, ఈ చుట్టం ఉన్నాడని తెలిస్తే ఇంటాయన్ని నాజీల నిర్బంధ క్యాంపుకి పట్టుకుపోతారు.

ఇలా చెబితే కొందరికి కోపం రావచ్చు. అంత గొప్ప పనిని మొహమాటం అంటావా అని. నేను తక్కువ చేయడం లేదు. మొదటి రాత్రికి మొహమాటం చాలు. నలభయ్యో రోజున పక్కింటావిడ, మీ తీగ మీద ఈమధ్య బట్టలు ఎక్కువ ఆరుతున్నాయే అన్నప్పుడు గుండె జల్లుమంటుంది. ఆ రాత్రి మొగుడూ పెళ్ళాం గుసగుసగా గొడవపడి, చివరికి "ఉండనీలే" అనుకుంటారు. దాన్ని ధైర్యం అనాలంటే అనొచ్చు. కానీ ఆ ధైర్యం గుమ్మం దగ్గర లేదు. అంట్లు తోముతూ, రొట్టె ముక్కలు లెక్కపెడుతూ ఉండగా వచ్చింది. ధైర్యం ముందే ఉన్నవాళ్ళ కోసం డౌవెస్ వెతికి ఉంటే న్యూలాండలో పది ఇళ్ళు కూడా దొరికేవి కావేమో.

ఇక్కడిదాకా వింటే ఇది హాయిగా ఉండే కథే. డచ్చివాళ్ళు కూడా చాలాకాలం ఈ కథనే చెప్పుకున్నారు. లెక్కలు మాత్రం వేరేలా ఉన్నాయి.

యూదుల్ని కాపాడినందుకు యాద్ వాషెమ్ ఇచ్చే గుర్తింపు ఇప్పటిదాకా 28,000 మందికి పైగా పొందారు. పోలండ్ మొదటిది, 7,000 పైచిలుకు. రెండో స్థానం నెదర్లాండ్స్‌ది, దాదాపు 6,000. ఇంత చిన్న దేశానికి ఎంత గొప్ప. అదే దేశంలో 1941లో సుమారు 1,40,000 మంది యూదులుంటే 1,07,000 మందిని రైళ్ళెక్కించి పంపేశారు. తిరిగొచ్చింది ఐదు వేలు. అంటే నలుగురిలో ముగ్గురు పోయారు. ఫ్రాన్స్‌లో నలుగురిలో ఒకరు, బెల్జియంలో పదిమందిలో నలుగురు. పశ్చిమ యూరప్‌లో యూదుల పాలిట ఇంత ఘోరమైన దేశం ఇంకొకటి లేదు. మంచివాళ్ళ లెక్కలో రెండో స్థానం, చావుల లెక్కలో ఆ చుట్టుపక్కల మొదటి స్థానం. రెండూ ఒకే దేశంలో ఎలా కుదిరాయి?

కారణాలు చాలా చెబుతారు. కొండల్లేవు, అడవుల్లేవు, పారిపోదామంటే ఒకవైపు జర్మనీ, ఇంకోవైపు సముద్రం. బెల్జియంలో సైన్యం పాలన, ఇక్కడ సైస్-ఇంక్వార్ట్ అనే కరడుగట్టిన నాజీ కింద పౌరపాలన. ఇవన్నీ నిజమే, వీటి మీద పుస్తకాలు బోలెడున్నాయి. నన్ను పట్టి ఆపింది తేదీలు.

దాక్కున్నవాళ్ళని డచ్‌లో ఒండర్‌డౌకర్ అంటారు, నీళ్ళలో మునకేసినవాడని. యుద్ధం ముగిసేనాటికి ఇలా మునకేసినవాళ్ళు దేశంలో మూడు లక్షలకు పైగా ఉన్నారు. వాళ్ళలో యూదులు పాతిక ముప్ఫై వేల మధ్య. వీళ్ళలోనూ మూడో వంతుకు పైగా పట్టుబడిపోయారు. మిగతా లక్షలంతా ఎవరు? ఎక్కువగా డచ్ కుర్రాళ్ళే. జర్మనీ ఫ్యాక్టరీల్లో వెట్టి చేయడానికి పొమ్మంటే తప్పించుకున్నవాళ్ళు. 1943 ఏప్రిల్ ఆఖర్లో మాజీ సైనికులంతా తిరిగి నిర్బంధానికి రావాలని ఉత్తర్వు వచ్చింది. దేశమంతా సమ్మెలు లేచాయి. ఆ తర్వాతే పల్లెల్లో తలుపులు పెద్దఎత్తున తెరుచుకున్నాయి. యూదుల రైళ్ళు మొదలైంది మాత్రం అంతకు తొమ్మిది నెలల ముందు, 1942 జులై 15న. ఆమ్‌స్టర్‌డామ్‌లో చివరి పెద్ద దాడి 1943 సెప్టెంబరు 29న. పల్లెలు సిద్ధమయ్యేసరికి పట్నాల్లో యూదుల పేటలు ఖాళీ అయిపోయాయి.

అటకలు 1942లోనూ ఉన్నాయి. గడ్డివాములూ ఉన్నాయి. ఆ రైతులూ వాళ్ళ మొహమాటమూ అన్నీ ఉన్నాయి. అడిగే మనిషి లేడు.

ఉన్నాడు, నిజానికి. అందరికంటే ముందు వచ్చి అడిగాడు. వాడు సర్కారు.

1940 అక్టోబరులో, జర్మన్లు దేశాన్ని ఆక్రమించి ఐదు నెలలు కాకుండానే, ప్రభుత్వోద్యోగులందరికీ ఒక ఫారం వచ్చింది. మీరు, మీ భార్య, మీ తల్లిదండ్రులు, తాతలు యూదులా కాదా రాసి సంతకం పెట్టండి అని. ఎవరినీ కొట్టమనలేదు, చంపమనలేదు. పెన్ను తీసి సంతకం పెట్టమన్నారు. దాదాపు అందరూ పెట్టారు. పై అధికారి అడిగాడు, పక్క సీటాయన పెట్టాడు, మనం పెట్టకపోతే బాగుండదు. సుప్రీంకోర్టు అధ్యక్షుడు లోడేవైక్ విసెర్ యూదుడు. ఆయన్ని పదవి నుంచి తీసేస్తే సాటి న్యాయమూర్తులు నోరెత్తలేదు. లైడెన్ యూనివర్సిటీలో క్లెవెరింగా అనే ప్రొఫెసర్ ఒక్కడు, తన యూదు గురువుని తొలగించారని నిండు సభలో లేచి మాట్లాడి జైలుకెళ్ళాడు. ఈరోజుకీ ఆ ఉపన్యాసాన్ని ఏటా గుర్తుచేసుకుంటారు. ఏటా గుర్తుచేసుకోవాల్సినంత అరుదైన సంగతి కాబట్టి.

1941 మేలో ఆమ్‌స్టర్‌డామ్ మునిసిపాలిటీ ఉద్యోగులు ఊరి మ్యాపు ఒకటి తయారుచేశారు. ఒక్కో చుక్కకి పదిమంది యూదులు. ఏ పేటలో చుక్కలు ఎంత చిక్కగా ఉన్నాయో చూడగానే తెలిసిపోతుంది. నేను చేసే ఉద్యోగం డేటాతోనే. రోజూ ఇలాంటి మ్యాపులు, డ్యాష్‌బోర్డులు చేస్తుంటాను. ఆ చుక్కల మ్యాపు మొదటిసారి చూసినప్పుడు నాకు ముందు కలిగిన భావం, చెప్పడానికి సిగ్గుగా ఉంది, పని ఎంత నీట్‌గా చేశారో అని. చేసినవాళ్ళకీ అలాగే అనిపించి ఉంటుంది. జనాభా రికార్డుల శాఖాధిపతి యాకబ్ లెంట్స్ ఒక గుర్తింపు కార్డు తయారుచేశాడు. జర్మన్ల సొంత కార్డుకన్నా దానికి నకిలీ చేయడం కష్టం. ఆయనకి యూదులంటే ద్వేషం ఉండాల్సిన పని కూడా లేదు. తన కార్డంటే ప్రేమ ఉంటే చాలు.

అదే మొహమాటం. పల్లెలో రైతు చేత తలుపు తీయించింది, పట్నంలో గుమాస్తా చేత సంతకం పెట్టించింది. మొహమాటానికి మంచీ చెడూ తెలియదు. ముందు ఎవరడిగితే వాళ్ళకి తలూపుతుంది. సర్కారు 1940లోనే పోస్టులో, ప్రింటైన ఫారాలతో అందరినీ ఒకేసారి అడిగింది. డౌవెస్ లాంటివాళ్ళు రెండేళ్ళ తర్వాత సైకిలు మీద, ఒక్కో ఇంటికి వెళ్ళి అడిగారు.

నాకు తెలిసిన తలూపుడు ఒకటి ఉంది. 2011లో హైదరాబాద్‌లో మేం ముగ్గురం ఇంటికోసం వెతుకుతున్నాం. ఇంజనీరింగ్‌లో నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నవాళ్ళం. ఒక ఇల్లు బాగా నచ్చింది. ఓనరుగారు రిటైరైన పెద్దమనిషి, కాఫీలు ఇప్పించి, మా ఊళ్ళ పేర్లు అడిగి, మా పేర్లు అడిగారు. మూడోవాడి పేరు విన్నాక కాసేపు ఫ్యాను వైపు చూసి, "మీరిద్దరైతే నాకేం అభ్యంతరం లేదు బాబూ. ఆ అబ్బాయి వేరే చూసుకుంటే బావుంటుంది. పైన మా అమ్మగారు ఉంటారు, పూజలూ అవీ..." అన్నారు. చాలా మర్యాదగా. మా కప్పుల్లో కాఫీ ఇంకా సగం ఉంది. మేమిద్దరం తలూపాం. మూడోవాడు "పర్లేదురా, నాకు ఆఫీసు దగ్గర పీజీ చూసుకోవడమే నయం" అన్నాడు. రెండు నెలల అడ్వాన్సు అప్పుడే కట్టేశాం.

ఒక అద్దె ఇంటినీ, యూదుల్ని చంపడానికి సోబిబోర్ క్యాంపుకి తీసుకెళ్ళిన రైలునీ ఒకే త్రాసులో పెట్టేంత తెలివితక్కువవాణ్ణి కాను. చెప్పేది తలూపుడు గురించే. అది ఎంత తేలికో, ఎంత మర్యాదగా జరుగుతుందో నాకు తెలుసు. ఆ రోజు మా మిత్రుడే ఓనరుకన్నా ముందు, "రేయ్, నేను లేకుండా ఎక్కడా చేరకండిరా" అని అడిగి ఉంటే మేం చేరేవాళ్ళం కాదు. వాడు అడగలేదు. వాడికీ మొహమాటమే. మేమైనా అనొచ్చుగా అంటే, దానికి నా దగ్గర జవాబు లేదు.

పెద్దఎత్తున అడిగే పని మొదలుపెట్టింది హెలెనా కౌపర్స్-రీట్‌బెర్క్ అనే గృహిణి. వింటర్స్‌వైక్ ఊళ్ళో ఐదుగురు పిల్లల తల్లి. 1942 ఆఖర్లో ఆమె ఫ్రిట్స్ స్లోంప్ అనే పాస్టరుని పట్టుకుంది. ఆయన అప్పటికే జర్మన్లకి దొరక్కుండా తిరుగుతున్నాడు. దేశమంతా తిరిగి చర్చిల్లో మాట్లాడి మనుషుల్ని పోగుచేయమని ఆమె ఆయన్ని అడిగింది. ఇదీ అడగడమే! అలా పుట్టిందే, దాక్కున్నవాళ్ళకి సాయం చేసే ఎల్ఓ అనే రహస్య సంస్థ. వీళ్ళ సమావేశాల్ని 'బ్యూర్స్' అనేవాళ్ళు, అంటే షేర్ మార్కెట్ లాంటిది. ఒకడు "నా దగ్గర ముగ్గురున్నారు, ఒక పాలుతాగే పిల్ల" అంటాడు. ఇంకొకడు "నా జిల్లాలో రెండు ఇళ్ళున్నాయి, కానీ పిల్లలొద్దంటున్నారు" అంటాడు. చీటీలు చేతులు మారతాయి. నాకు మన పశువుల సంత గుర్తొచ్చింది. హెలెనా 1944 డిసెంబరులో రావెన్స్‌బ్రూక్ క్యాంపులో చనిపోయింది.

చోటు దొరికితే సరిపోదు కదా. అమ్మ అడిగిన బియ్యం సంగతి ఉంది. రేషన్ కార్డు లేనివాడికి రొట్టె లేదు, కార్డు కావాలంటే రిజిస్టర్లో పేరుండాలి. అందుకని తుపాకులు పట్టుకుని రేషన్ ఆఫీసుల మీద పడి కూపన్లు ఎత్తుకొచ్చే ముఠాలు తయారయ్యాయి. న్యూలాండ రైతు పోస్ట్ చివరికి ఈ పనిలోనే తేలాడు. 1944 జులైలో ఆయన్ని ఇసుక దిబ్బల్లో కాల్చేశారు. డబ్బు సంగతి వాల్‌రావెన్ వాన్ హాల్ అనే బ్యాంకరు చూశాడు. కోట్ల గిల్డర్లు రహస్యంగా సేకరించి పంచాడు. యుద్ధం మూడు నెలల్లో ముగుస్తుందనగా ఆయన్నీ చంపేశారు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. దాక్కున్నవాళ్ళు చాలాచోట్ల తిండికీ చోటుకీ నెలనెలా డబ్బు కట్టారు. డెన్మార్క్‌లో 1943 అక్టోబరులో 7,000 మందికి పైగా యూదుల్ని పడవల్లో స్వీడన్ చేర్చిన జాలర్లలోనూ కొందరు తలకి వెయ్యి క్రోనర్లు, అంతకంటే ఎక్కువ కూడా పుచ్చుకున్నారు. డబ్బు కోసమే చేసినవాళ్ళని యాద్ వాషెమ్ గౌరవించదు, అది వాళ్ళ నియమం. నాకు మాత్రం డబ్బు పుచ్చుకున్నాడనగానే ముఖం చిట్లించేవాళ్ళని చూస్తే చిరాకు. పడవ పోతే ఆ జాలరికి బతుకే పోతుంది. అవతలివైపు ఇంకో రేటు నడుస్తోందని మర్చిపోకూడదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో హెన్నైక అనేవాడి ముఠా 1943లో కొద్ది నెలల్లోనే ఎనిమిది వేలకు పైగా యూదుల్ని పట్టి ఇచ్చింది. తలకి ఏడున్నర గిల్డర్లు బహుమానం. డబ్బు తీసుకుని దాచినవాడూ డబ్బు తీసుకుని పట్టించినవాడూ ఒకటేనా?

నా మొహమాటం వాదన ఎక్కడా ఆగకుండా సాగదని నాకూ తెలుసు. పోలండ్ దగ్గర అది ఆగిపోతుంది. నెదర్లాండ్స్‌లో దొరికితే శిక్ష ఏమిటో కచ్చితంగా చెప్పలేం, క్యాంపు కావచ్చు, వదిలేయనూవచ్చు. పోలండ్‌లో 1941 అక్టోబరు ఉత్తర్వు ప్రకారం మరణశిక్షే. మార్కోవా గ్రామంలో యూజెఫ్ ఉల్మా అనే రైతు, భార్య విక్టోరియా ఎనిమిది మంది యూదుల్ని ఇంట్లో పెట్టుకున్నారు. 1944 మార్చి 24 తెల్లవారుజామున పోలీసులొచ్చారు. ముందు ఆ ఎనిమిది మందిని, తర్వాత ఉల్మా దంపతుల్ని చంపారు. ఆమె నెలలు నిండిన మనిషి. చివరికి ఆరుగురు పిల్లల్ని కూడా వదల్లేదు. 2023లో ఆ కుటుంబం మొత్తాన్నీ చర్చి పుణ్యమూర్తులుగా ప్రకటించింది. దొరికితే పిల్లల్ని కూడా మిగల్చరని తెలిసి తలుపు తీయడాన్ని మొహమాటం అనడానికి నాకు నోరు రాదు. దానికి ఏ పేరు పెట్టాలో ఆ ఊరివాళ్ళు చెప్పాలి. ఇంకొకటి. అదే మార్కోవాలో వేరే ఇళ్ళలో దాక్కున్న దాదాపు ఇరవై మంది యుద్ధం ముగిసేదాకా బతికే ఉన్నారు. ఉల్మా ఇంట్లో జరిగింది చూశాక కూడా ఆ ఇళ్ళవాళ్ళు వాళ్ళని బయటికి నెట్టలేదు.

మేం ఉండే పేటలో పేవ్‌మెంటు మీద గుమ్మాల ముందు అరచేయంత ఇత్తడి పలకలుంటాయి. 'ఇక్కడ నివసించేది' అని మొదలై పేరు, పుట్టిన ఏడు, పట్టుకుపోయిన తేదీ, చంపిన చోటు. మొదట్లో కాలు తగలకుండా తప్పుకుని నడిచేవాణ్ణి. ఇప్పుడు సూపర్‌మార్కెట్ సంచులు మోసుకుంటూ అలవాటుగా దాటిపోతున్నాను. అమ్మ ఉన్న మూడు నెలలూ వాటి దగ్గర ఆగి నాచేత చదివించుకునేది. చదివాక ఆ ఇంటికి ఎదురింటి వైపు, పక్కింటి వైపు చూసేది.

ఆవిడ తెనాలి వెళ్ళిపోయి ఆర్నెల్లయింది. మొన్న ఆదివారం ఫోనులో, మామిడికాయల ధర గురించి చెబుతూ మధ్యలో, "ఆ కూరల కొట్టాయన ఏమయ్యాడ్రా?" అంది.

"ఎవరమ్మా?"

"అదే, ఆ పిల్ల ఇంటికి బంగాళాదుంపలు తెచ్చేవాడు. పట్టుకుపోయారన్నావుగా."

"క్యాంపుల్లో పెట్టారమ్మా. బతికి తిరిగొచ్చాడు."

అవతల కుక్కర్ విజిల్ వినపడింది. అమ్మ వెళ్ళి స్టవ్ తగ్గించి వచ్చింది.

"అన్నాళ్ళూ ఆ కొట్టు వాళ్ళావిడే నడిపిందేమోరా, ఒక్కతే" అంది.